ఇంట్లో లెక్కలు: చేతిలోని చింతగింజ నుంచి నోట్‌బుక్కులోని అంకె దాకా

హైదరాబాద్‌లో ప్రాథమిక తరగతి పిల్లల సాయంత్రాలు చాలా ఇళ్లలో ఒకేలా గడుస్తాయి. బడి బస్సు దిగేసరికి నాలుగు దాటుతుంది. అయిదింటికి ట్యూషను, ఆరున్నరకు అబాకస్, ఇంటికొచ్చాక డైరీలో రాసిచ్చిన హోంవర్కు. రాత్రి తొమ్మిదింటికి కళ్లు మూతలు పడుతుంటే అమ్మో నాన్నో పక్కన కూర్చుని "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటారు. ఇంత సమయం లెక్కలకే పోతున్నా, 52లోంచి 38 తీసేయమంటే మూడో తరగతి బాబు 26 అని రాస్తాడు. ఇంకో రెండు పేజీలు చేయించినా 26లే ఇంకో నాలుగు పుడతాయి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాల్లో ఏ పని చేయాలన్నదే ప్రశ్న.

2025 ఫిబ్రవరిలో నేచర్ అనే సైన్సు పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చేసినవారిలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ సరుకులూ అమ్మే పిల్లలు కాగితం ముట్టకుండా కష్టమైన బేరాల లెక్కలు తేల్చేశారు. అంతకంటే తేలికైన లెక్కను పుస్తకంలో ఉన్నట్టు రాసిస్తే తడబడ్డారు. బడికి వెళ్లే పిల్లలది సరిగ్గా దీనికి ఎదురు: పుస్తకం లెక్క చేశారు, బజారు లెక్క దగ్గర ఆగిపోయారు. అంటే బజారులో వచ్చిన లెక్క దానంతటది నోట్‌బుక్కులోకి రాదు, నోట్‌బుక్కులోది బజారుకు వెళ్లదు. రెంటినీ కలపాలి. నలభై మంది ఉన్న తరగతిలో పంతులమ్మకు అంత తీరిక ఉండదు. ఇంట్లో మనకు ఉంటుంది.

ముందు ఎక్కడ ఆగారో చూడండి

నాలుగో తరగతి కదా అని నాలుగో తరగతి పుస్తకం తెరవకండి. ఆదివారం పొద్దున, కడుపు నిండా టిఫిన్ తిన్నాక, ఒక తెల్లకాగితం ముందు పెట్టండి. మొదట ఒకటి నుంచి తొమ్మిది లోపు అంకెలు కొన్ని చదివించండి. తర్వాత రెండంకెల సంఖ్యలు, ఆపై అప్పు తెచ్చుకోవలసిన తీసివేత ఒకటి, చివరగా మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించే లెక్క ఒకటి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో గ్రామీణ పిల్లలకు పెట్టే లెక్కల పరీక్ష దాదాపు ఇంతే. కాన్వెంటు పిల్లలకూ పెట్టి చూడండి, కొన్ని ఇళ్లలో ఆశ్చర్యపోతారు.

దానికి నేను మూడు చేరుస్తాను. "మూడు వందల అయిదు" అని పైకి చెప్పి అంకెల్లో రాయమనండి. 3005 అని రాస్తే స్థానవిలువ ఇంకా కుదరలేదు. మూడు వందలు రాసి, దాని పక్కనే అయిదు రాశారు. రెండోది, 8 + 4 = □ + 5 అని రాసి గడి నింపమనండి. చాలామంది 12 వేస్తారు. సమానం గుర్తు అంటే "ఇక్కడ జవాబు రాయి" అనే ఆజ్ఞగా వాళ్ల మనసులో పడిపోయింది. రైతుబజారు త్రాసులో రెండు పళ్లాలూ ఒకే ఎత్తులో నిలబడటం చూపించి, ఎడమవైపు ఎంతుందో కుడివైపూ అంతే ఉండాలని చెబితే 7 వస్తుంది. మూడోది, 7 + 5 అడిగి వేళ్ల వంక చూడండి. ఒకటి నుంచి మొదలుపెట్టి ఏడు వేళ్లు ముడిచారా, లేక ఏడు మనసులో పెట్టుకుని ఎనిమిది, తొమ్మిది అంటూ ముందుకు వెళ్లారా? రెండూ వేళ్ల లెక్కలే అయినా మధ్య ఏడాది చదువంత దూరం ఉంది. వేళ్లు వాడితే కోప్పడకండి. ముందుకు లెక్కించడం వచ్చాక వేళ్లు వాటంతటవే దిగిపోతాయి.

ఈ పరీక్షకు మార్కులు వేయకండి, ఎర్ర పెన్ను ముట్టుకోకండి. ఎక్కడ ఆగారో అక్కడి నుంచి మొదలు. అయిదో తరగతి పాప రెండో తరగతి తీసివేత దగ్గర ఆగితే రెండో తరగతి తీసివేతే చేయాలి, పరువు సంగతి పక్కన పెట్టి.

సామాను

కొనవలసింది తక్కువ. చింతగింజలు ఒక డబ్బా, రూపాయి బిళ్లలు ఇరవై, పది రూపాయల నోట్లు పది, వంద నోట్లు రెండు మూడు. గళ్ల నోట్‌బుక్కు ఒకటి. గడికి ఒక అంకె చొప్పున రాస్తే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడతాయి. సగం తప్పులు అంకెలు పక్కకు జరగడం వల్లనే వస్తాయి. కిరాణా కొట్టులో అడిగితే ముప్పై గుడ్లు పట్టే అట్ట ట్రే ఇస్తారు. దాన్ని రెండు వరుసలు, వరుసకు అయిదు గుంటలు వచ్చేలా కత్తిరిస్తే పది గుంటల ముక్కలు మూడు వస్తాయి. రంగురంగుల ప్లాస్టిక్ కిట్లు కోఠిలో కావలసినన్ని దొరుకుతాయి కానీ, వాటి అవసరం నాకెప్పుడూ కనబడలేదు.

ఏ పాఠమైనా ఒకే వరుసలో వెళ్లాలి: మొదట చేతిలో వస్తువు, తర్వాత కాగితం మీద దాని బొమ్మ, ఆ తర్వాతే అంకె. తొందరపడి మధ్యలోది వదిలేస్తాం. వస్తువులతో చక్కగా చేసిన బాబు అంకెల దగ్గర బిక్కమొహం వేస్తే, మీరు బొమ్మను దాటేశారన్నమాట. చింతగింజ బదులు చిన్న సున్న, పదికి ఒక నిలువు గీత, వందకు ఒక చతురస్రం. ఇంతకు మించిన చిత్రలేఖనం అక్కరలేదు.

పదిని విడదీయడం

ఒకటో తరగతి మొత్తానికి ఒక్కటే నేర్పగలిగితే ఇది నేర్పండి. పదిలో ఏ ముక్క దాచినా మిగతా ముక్క వెంటనే చెప్పగలగాలి. పది గింజలు లెక్కపెట్టి గుప్పిట్లో పట్టుకోండి, కొన్ని రెండో చేతిలో దాచి మిగిలినవి చూపించండి. ఆరు కనబడితే దాగినవి నాలుగు. కూర తరుగుతూ కూడా ఆడవచ్చు. ఆరేడు వారాల్లో అడగక ముందే జవాబు వస్తుంది.

తర్వాత గుడ్ల ట్రే. 8 + 5 కావాలంటే ఒక ముక్కలో ఎనిమిది గింజలు నింపించండి. రెండు గుంటలు ఖాళీ. అయిదులోంచి రెండు తీసి ఆ గుంటలు నింపితే పది నిండింది, బయట మూడు మిగిలాయి, మొత్తం పదమూడు. ఇది కంటితో చూసిన పాప తర్వాత 38 + 5 అడిగినా ముందు నలభై నింపుతుంది.

ఇంగ్లిష్ మీడియంలో ఇక్కడ ఒక చిక్కుంది. థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా వినబడి పిల్లలు 13కు బదులు 30 రాస్తారు. ఆ పూటకు "పది, మూడు" అని తెలుగులో చెప్పి గింజలు చూపించండి. ఆలోచన తెలుగులో, పేరు ఇంగ్లిష్‌లో ఉంటే నష్టమేమీ లేదు. తెలంగాణ ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లిష్ ఉంటుంది. మీ పిల్లలు ప్రైవేటు బడిలో చదువుతున్నా అలాంటి పుస్తకం ఒకటి ఇంట్లో ఉంటే తల్లిదండ్రులకు చాలా సుళువు.

అప్పు తెచ్చుకోవడం, నోట్లతో

ఇక 52 − 38 సంగతి. 26 రాసిన బాబు ఏం చేశాడో చూడండి. రెండులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి రెండు తీశాడు. చిన్నదాన్ని పెద్దదాంట్లోంచి తీయాలని మనమే కదా చెప్పాం.

బాబు ముందు అయిదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టండి. మీరు కిరాణా కొట్టు వాళ్లు. "బిల్లు 38 రూపాయలైంది బాబూ, సరిగ్గా ఇవ్వాలి, నా దగ్గర తిరిగి ఇవ్వడానికి చిల్లర లేదు" అనండి. వాడు మూడు నోట్లు తీస్తాడు. ఎనిమిది బిళ్లలు కావాలి, చేతిలో ఉన్నవి రెండే. కాసేపు అలాగే చూస్తాడు. మీరు నోరు మెదపకండి. కొందరు నాలుగో నోటు చాపుతారు, "చిల్లర లేదన్నాను కదా" అనండి. ఒక నోటు ఇచ్చి పది బిళ్లలు తెచ్చుకోవాలన్న ఆలోచన వాడికే రావాలి. పక్కన బ్యాంకు వాళ్లలా అక్కో తాతయ్యో బిళ్లల డబ్బాతో కూర్చుంటే మరీ మంచిది. మార్చుకున్నాక వాడి ముందు ఉన్నవి నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. ఇప్పుడొక ప్రశ్న అడగండి: "నీ దగ్గర డబ్బు తగ్గిందా, పెరిగిందా?" తగ్గలేదు, పెరగలేదు, అవే యాభై రెండు. అసలు పాఠమంతా ఆ జవాబులోనే ఉంది. ఇక మూడు నోట్లు, ఎనిమిది బిళ్లలు ఇచ్చేస్తాడు. మిగిలింది ఒక నోటు, నాలుగు బిళ్లలు.

ఇదే లెక్కను మళ్లీ చేయించండి. ఈసారి వాడు నోట్లు జరుపుతుంటే, జరిపినప్పుడల్లా మీరు నోట్‌బుక్కులో రాయండి. నోటు మార్చుకోగానే 5 కొట్టేసి పైన 4, 2 దగ్గర 12. మూడోసారి నోట్లు మీరు జరపండి, వాడు రాస్తాడు. నాలుగోసారి నోట్లు మూసి ఉంచి రాయించండి, తర్వాత తెరిచి సరిచూడమనండి. ఈ నాలుగు మెట్లూ ఒక్క రోజులో ఎక్కించాలని చూడకండి.

"పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో" అని మనందరం నేర్చుకున్నాం. ఆ అప్పు ఎవరూ తీర్చరు సరే, పక్కింటి నుంచి వచ్చింది ఒకటి కాదు పది అన్న సంగతి కూడా అందులో కనబడదు. "మార్చుకో" అంటే చాలు. 305 − 148 లాంటి లెక్కలో మధ్య సున్న దగ్గర ఇది బాగా అక్కరకొస్తుంది. పది నోట్లు ఒక్కటీ లేవు. వంద నోటు మార్చితే పది పదులు, అందులో ఒక పది మార్చితే పది బిళ్లలు. చేతిలో రెండు వందలు, తొమ్మిది పదులు, పదిహేను ఒకట్లు. మిగిలేది 157. సున్న హఠాత్తుగా తొమ్మిది ఎందుకైందో చేత్తో చేసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

ఇన్ని నోట్లు ఇంట్లో వెతకవలసి రావడమే ఈ కాలం చిక్కు. పానీపూరీ బండి దగ్గర కూడా స్కాన్ చేసి వచ్చేస్తున్నాం, పిల్లలు చిల్లర చూడటమే లేదు. కనీసం వారానికి ఒక్కసారి నగదుతో రైతుబజారుకు తీసుకెళ్లండి. ఎర్రగడ్డ, మెహదీపట్నం, కూకట్‌పల్లి, ఏది దగ్గరైతే అది. అక్కడ ధరల బోర్డు ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందే ఏమేమి ఎంత కావాలో, సుమారుగా ఎంతవుతుందో చెప్పించండి. ఇంటికొచ్చాక ఆ కొనుగోలునే నోట్‌బుక్కులో లెక్కగా రాయించండి. రాయకపోతే అది బజారు లెక్కగానే మిగిలిపోతుంది.

ఎక్కాలు

ఎక్కాలు బట్టీ పట్టించడం పాపమని కొత్తగా కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. నోటికి రాని ఎక్కం భాగహారం దగ్గర ప్రతి అడుగునా కాలు పట్టి లాగుతుంది. అయితే ముందు అర్థం, తర్వాత పాట.

అర్థానికి వాకిట్లో ముగ్గు చాలు. నాలుగు వరుసలు, వరుసకు ఆరు చుక్కలు పెట్టించండి. ఇటు నుంచి చూస్తే నాలుగు ఆరులు, అటు తిరిగి నిలబడితే ఆరు నాలుగులు. చుక్కలు మాత్రం 24. ఈ ఒక్క సంగతితో ఎక్కాల బరువు దాదాపు సగం దిగిపోతుంది. పదో ఎక్కం దాకా వంద గుణకారాలున్నా, తిరగేసినవి తీసేస్తే 55. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు ఎవరికైనా వస్తాయి, పోతే 21. తొమ్మిదో ఎక్కం అంటే పదో ఎక్కంలోంచి ఒకసారి తగ్గించడం: 9 × 7 కావాలంటే 70లోంచి 7 తీసేయాలి. నాలుగో ఎక్కం రెట్టింపుకు రెట్టింపు. ఇవన్నీ పోగా నిజంగా కూర్చుని నేర్చుకోవలసినవి పదే మిగులుతాయి: 3 × 3, 3 × 6, 3 × 7, 3 × 8, 6 × 6, 6 × 7, 6 × 8, 7 × 7, 7 × 8, 8 × 8. వీటిని చీటీల మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. వారానికి రెండు. నీళ్ల సీసా తీసుకోవాలంటే చీటీ జవాబు చెప్పాలి.

పాట కుదిరాక వరుస తప్పించి అడగండి. "ఏడెనిమిదులు?" అంటే కొందరు ఏడు ఒకట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి మెట్లెక్కి వస్తారు. పాట వచ్చింది, ఎక్కం ఇంకా రాలేదు.

ముగ్గుల్లో పెద్ద పిల్లలకు ఇంకో సరదా ఉంది. ఏడు చుక్కలు, సందు చుక్క నాలుగు వచ్చే వరకు పెట్టే ముగ్గులో మొత్తం ఎన్ని చుక్కలు? 4, 5, 6, 7, 6, 5, 4. ఒక్కొక్కటే లెక్కపెట్టకుండా, ముందు పైసగం పదిహేను, కిందిసగం పదిహేను, నడుమ ఏడు అని 37 చెప్పిన పాపకు లెక్క పట్టుబడినట్టే.

పంచడం రెండు రకాలు

భాగహారానికి రెండు కథలుంటాయి. పన్నెండు ఇడ్లీలు నలుగురికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? పన్నెండు ఇడ్లీలు ప్లేటుకు నాలుగు చొప్పున పెడితే ఎన్ని ప్లేట్లు? రెంటికీ జవాబు మూడే. చేసే పని వేరు. పిల్లలకు మొదటిదే తెలుస్తుంది, పెద్ద భాగహారంలో అక్కరకొచ్చేది ఎక్కువగా రెండోది, ఎందుకంటే అక్కడ అడిగేది "ఇందులో నాలుగులు ఎన్ని?" అనే. శేషం గురించి ఒక్క లెక్క చాలు: 38 మంది పిల్లలు గోల్కొండ చూడటానికి వెళ్తున్నారు, వ్యానుకు పన్నెండు మంది. జవాబు 3, శేషం 2 అని రాసి ఊరుకుంటే ఆ ఇద్దరూ బడి దగ్గరే మిగిలిపోతారు. వ్యాన్లు నాలుగు కావాలి.

పద లెక్కలు

"మొత్తం అంటే కూడిక, మిగిలింది అంటే తీసివేత" అని గుర్తులు నేర్పే ట్యూషన్లు ఊరంతా ఉన్నాయి. ఈ లెక్క ఇచ్చి చూడండి: "రాణి తన దగ్గరున్న గోళీల్లో 5 తమ్ముడికి ఇచ్చింది. ఇంకా 8 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?" "మిగిలాయి" కనబడగానే 8 − 5 = 3 అని రాసేస్తారు. ఇచ్చిన గోళీలే అయిదైతే ఉన్నవి మూడెలా అవుతాయని ఎవరూ అడగరు.

మందు ఇది. లెక్క ఒకసారి చదివించి పుస్తకం మూయించండి. "ఇప్పుడు నాకు కథ చెప్పు" అనండి, అంకెలు గుర్తులేకపోయినా ఫరవాలేదు. తర్వాత గీతలతో బొమ్మ. ఆ తర్వాతే అంకెలు. జవాబు వచ్చాక మళ్లీ కథలో పెట్టి చూడాలి. వారానికోసారి తిరగేయండి: 24 ÷ 4 అని మీరు రాయండి, కథ పాప కట్టాలి. పిల్లల కథల్లో మిఠాయిలే ఎక్కువ ఉంటాయి, పోనివ్వండి.

మూర, పావు, వన్ బై టూ

పూలమ్మే ఆవిడ దగ్గర రెండు మూరలు మల్లెపూలు కొని, ఇంటికొచ్చాక పాపను తన చేత్తో కొలవమనండి. మోచేతి నుంచి వేలి కొస దాకా. రెండు మూరలు కాస్తా మూడుకు దగ్గరగా వెళ్తాయి. "పూలు పెరిగాయా?" అని అడిగి వదిలేయండి. కాసేపటికి చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. అప్పుడు స్కేలు చేతికిస్తే, సెంటీమీటరు అనేది ఎవరి చేతిదీ కాదు, అందరిదీ అని తెలుస్తుంది. చిన్న కొలతతో కొలిస్తే పెద్ద అంకె వస్తుందన్న సంగతీ అక్కడే పడుతుంది. మీటర్లను సెంటీమీటర్లుగా మార్చేటప్పుడు గుణించాలా భాగించాలా అన్న తికమక సగం దీంతో తీరుతుంది.

భిన్నాల దగ్గర పిల్లలు పావు కంటే ఆరో వంతు పెద్దదంటారు, ఆరు నాలుగు కంటే పెద్దది కాబట్టి. ఒక అట్టు నాలుగు ముక్కలు, అంతే అట్టు ఇంకొకటి ఆరు ముక్కలు చేసి "ఏ ముక్క కావాలి?" అనండి. ఆకలి వేసినవాళ్లు తప్పు చెప్పరు. ఇక హైదరాబాద్ పిల్లలకు ఇరానీ హోటల్ ఉండనే ఉంది. వన్ బై టూ చాయ్ అంటే ఒకటిని ఇద్దరికి పంచడం. భిన్నంలో గీత అంటే భాగహారమేనని ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం. రెండు చాయ్‌లు ముగ్గురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత? నాలుగో తరగతి వాళ్లకు వదిలేయండి. ఒక్కో కప్పునూ మూడు భాగాలు చేసి, ప్రతి కప్పులోంచి ఒక్కో భాగం తీసుకునే దారి వాళ్లే కనిపెడతారు.

దారిలో ఆడుకునేవి

ఇవి పాఠాలు కావు, కాలక్షేపం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందు బండి నంబరు నాలుగంకెలతో వీలైనంత పెద్ద సంఖ్య, వీలైనంత చిన్న సంఖ్య. లిఫ్టులో సెల్లారు −1 నుంచి నాలుగో అంతస్తుకు ఎన్ని అంతస్తులు ఎక్కాలి? మియాపూర్ నుంచి ఎల్బీనగర్ మెట్రో లైనులో 27 స్టేషన్లున్నాయి, మరి రైలు ఒక స్టేషను నుంచి పక్క స్టేషనుకు ఎన్నిసార్లు పరుగెత్తుతుంది? 27 అని ఎవరైనా అంటే అయిదు వేళ్లు చూపించి సందులు లెక్కపెట్టమనండి. సెలవుల్లో అష్టాచెమ్మా గవ్వలు బయటకు తీయండి. నాలుగు గవ్వలూ బోర్లా పడితే ఎనిమిది, వెల్లకిలా పడితే నాలుగు, మిగతావి గడుల్లో ముందుకు లెక్కించుకుంటూ పోవడమే.

మీ నోటి మాట

జవాబు తప్పైనప్పుడే "ఎలా చేశావు?" అని అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు జవాబు చెరిపేస్తారు. ఒప్పైనప్పుడూ అడగండి. తప్పు జవాబు వెనక తరచూ ఒక పద్ధతి ఉంటుంది, 26 వెనక ఉన్నట్టు. అది బయటపడితేనే సరిచేయగలం.

"నాకూ చిన్నప్పుడు లెక్కలంటే భయమే" అని ఓదార్పుగా అనే మాట మానేయండి. 2015లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ పరిశీలించారు. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు హోంవర్కులో తరచూ సాయం చేసిన చోట పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లలోనూ భయం పెరిగింది. మీకు నిజంగానే భయముంటే హోంవర్కు దగ్గర కూర్చోవద్దు, గవ్వలూ బజారూ మీరు తీసుకోండి. నోట్‌బుక్కు ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.

అబాకస్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. వేగం వస్తుంది, పిల్లలకు ఇష్టమైతే పంపండి. పద లెక్కలకూ భిన్నాలకూ దాని సాయం అంతంతమాత్రమే. ఫోనులో యాప్‌లు ఎక్కాల సాధనకు పనికొస్తాయి, కొత్త పాఠానికి కాదు.

ఇవన్నీ ఓపిగ్గా కొన్ని నెలలు చేసినా మూడో తరగతి దాటిన పాప నాలుగు గింజలు చూసి లెక్కపెట్టకుండా నాలుగని చెప్పలేకపోతే, 8, 5లలో ఏది పెద్దదో తడుముకుంటే, నిన్న వచ్చింది ఇవాళ పూర్తిగా చెరిగిపోతుంటే, ఇంకో ట్యూషను పెట్టకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అవి బాగుంటే డిస్కాల్‌క్యులియా, అంటే అంకెలూ లెక్కలూ పట్టుబడని ఇబ్బంది, ఉందేమో పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. చదవడం, మాట్లాడటం చక్కగా వచ్చిన పిల్లలకూ అది ఉండవచ్చు. వెళ్లేటప్పుడు పాప స్వయంగా లెక్కలు చేసిన పాత నోట్‌బుక్కులు, దిద్దని కాగితాలు వెంట తీసుకెళ్లండి. మార్కుల కార్డు కంటే అవే వాళ్లకు ఎక్కువ చెబుతాయి.